ఆకాశాన్ని చదవడం ఎలా: స్టీలు గ్లాసు, నీళ్ల సీసా, నోటుబుక్కుతో ఇంటి దగ్గరే నేర్చుకునే వాతావరణం

మార్చి నెలాఖరు. గుంటూరు జిల్లాలో మా ఊరి కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ మాడ్చేస్తోంది, నెత్తి మీద మబ్బు తునక లేదు. కాయలు తిరగేస్తున్న నాన్న చటుక్కున ఆగి పడమటి వైపు చూశారు. పల్నాడు దిక్కున తెల్లటి మబ్బు ఒకటి నిలువునా లేచి, పైభాగం కమ్మరి దాగలిలా మా వైపు సాగి ఉంది. "ఒరేయ్, పట్టాలు లాగండిరా" అన్నారు. ఇంత ఎండలో వానేంటి నాన్నా అని నేను నసిగాను. ముప్పావు గంటకి గాలి స్తంభించిపోయింది. ఆకు కదల్లేదు. కాసేపటికే పడమర నుంచి చల్లటి ఈదురుగాలి దుమ్ము లేపుకుంటూ వచ్చి కొట్టింది, వెనకాలే వడగళ్లు. సగం కాయల మీద పట్టా పడింది, మిగతా సగం తడిసింది. తడిసిన మిర్చి రంగు పోయి తాలుగా మారితే ధర ఏమవుతుందో పండించిన వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ రోజు నాన్న చూసినదేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక చూస్తే అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతోంది. గాలి పైకి లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే అందులో దాగిన నీరు బయటపడుతుంది. మబ్బు, ముసురు, పిడుగు, తుపాను అన్నీ ఈ ఒక్క పనికే రకరకాల రూపాలు. దీన్ని పుస్తకంలో చదివితే పరీక్ష దాకా గుర్తుంటుంది. చేత్తో కొలిస్తే జన్మంతా గుర్తుంటుంది. అందుకే ఈ మార్గదర్శిని కొలతల వరసలో రాస్తున్నాను.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

గోడకు తగిలించే మామూలు థర్మామీటర్లు రెండు (జ్వరం చూసేది పనికిరాదు, అది 35 డిగ్రీల కింద చూపించదు), ఒక స్టీలు గ్లాసు, కాసిని ఐస్ ముక్కలు, పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా, పిల్లల స్కేలు, పాత నూలు పంచె పీలిక, దారం, నోటుబుక్కు. థర్మామీటర్లు కొన్నాక రెండింటినీ ఒకే గిన్నె నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. రెండూ ఒకే అంకె చూపించకపోతే తేడా ఎంతో రాసి పెట్టుకోండి, తర్వాత అన్ని లెక్కల్లోనూ దాన్ని సరిచేసుకోవచ్చు. కొన్ని ఫోన్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటుంది. మీ ఫోన్లో ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మొదటి అడుగు: గాలికి బరువుందని నమ్మడం

మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం. చదరపు సెంటీమీటరు జాగా మీద నిలబడిన గాలి స్తంభం బరువు ఇంచుమించు ఒక కిలో. చాచిన అరచేతి మీద వంద కిలోలకు పైనే ఉంటుంది. కింద నుంచీ, పక్కల నుంచీ అంతే బలంతో నెడుతుంది కాబట్టి మనకు తెలియదు. ఈ బరువునే వాతావరణ శాఖ హెక్టోపాస్కళ్లలో చెబుతుంది. సముద్ర మట్టం దగ్గర సగటున 1013. విశాఖ బీచ్‌లో ఫోను చూస్తే దానికి దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అంటే అంత మందం గాలి కిందనే ఉండిపోయింది. అందుకే అక్కడ పీడనం 950 చుట్టూ ఉంటుంది, నీళ్లు కూడా 100 దాకా పోకుండా 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎత్తు పెరిగే కొద్దీ గాలి ఎంత త్వరగా పలచబడుతుందంటే, మొత్తం గాలిలో సగం మొదటి ఐదున్నర కిలోమీటర్లలోనే ఉంది.

పొడి గాలిలో 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్. మిగిలిన ఒక శాతంలో ఎక్కువ భాగం ఆర్గాన్. వీటికి తోడు నీటి ఆవిరి కలుస్తుంది. గడ్డకట్టే ధ్రువాల చలిలో దాదాపు సున్నా, తడి కోస్తాలో నాలుగు శాతం దాకా. ఆ కాస్త ఆవిరే ఆకాశంలో జరిగే సమస్తానికీ సరుకు. మనం చూసే వానలూ మబ్బులూ అన్నీ కింది పొరలోనే, ట్రోపోస్ఫియర్‌లో జరుగుతాయి. ధ్రువాల దగ్గర అది ఎనిమిది కిలోమీటర్ల మందమే. మన ప్రాంతంలో 16 నుంచి 18 కిలోమీటర్లు. మన ఉరుము మబ్బులు అంత ఎత్తుగా పెరగడానికి అదొక కారణం.

రెండో అడుగు: థర్మామీటరు ఎక్కడ పెట్టాలి

ఎండ నేరుగా గాలిని పెద్దగా వేడెక్కించదు. ఎండ నేలను కాలుస్తుంది, నేల గాలిని కాలుస్తుంది. అందుకే సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కాకుండా రెండు, మూడు గంటల మధ్య ఎండ దెబ్బ ఎక్కువ. తెల్లవారుజామున సూర్యుడు పొడిచే వేళకి చలి ఎక్కువ. థర్మామీటరును డాబా స్లాబు మీద పెడితే అది గాలి వేడి చెప్పదు, స్లాబు వేడి చెబుతుంది. వాతావరణ కేంద్రాల్లో తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలో, గాలి ఆడేలా పలకలు అమర్చి, నేలకు నాలుగడుగుల ఎత్తున పెడతారు. ఇంటి దగ్గర ఉత్తరపు వరండాలో, గోడకు తగలకుండా, రోజంతా నీడ ఉండే చోట దూలానికి వేలాడదీస్తే చాలు. టీవీలో చెప్పే 44 డిగ్రీలకీ, ఎండలో పెట్టిన కారు చూపించే 49కీ తేడా ఇక్కడే వస్తుంది.

చలికాలంలో ఈ వరస తలకిందులవుతుంది. రాత్రి మబ్బు లేకపోతే నేల తన వేడిని ఆకాశానికి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి కిందే కూర్చుంటుంది. పైన గాలి వెచ్చగా ఉంటుంది. భోగి నాడు తెల్లవారుజామున మంట దగ్గర నిలబడి పొగను గమనించండి. కొబ్బరిచెట్టు ఎత్తుకి లేచి, అక్కడ ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగి, ఊరి మీద చాపలా పరుచుకుంటుంది. పైనున్న వెచ్చటి గాలి దానికి మూత పెట్టింది. ఆ మూత కిందే మంచు పడుతుంది, పొగ నిలుస్తుంది, గొంతులు పట్టేస్తాయి. ఎనిమిది, తొమ్మిది గంటలకు నేల వేడెక్కగానే మూత తెగిపోతుంది.

మూడో అడుగు: కనిపించని నీటిని చూడటం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే చేయగలను అనుకుంటే ఇది చేయండి.

స్టీలు గ్లాసులో మామూలు నీళ్లు సగానికి పోయండి. గ్లాసు బయట పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆరుబయట నీడలో పెట్టి, థర్మామీటరు ముంచి, ఐస్ కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. కళ్లు గ్లాసు బయటి గోడ మీదే ఉండాలి. ఊపిరి తగలనివ్వకండి. ఒక క్షణంలో మెరుస్తున్న స్టీలు మసకబారుతుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ క్షణాన థర్మామీటరు చూపించే అంకె రాసుకోండి. ఐస్ వేయడం ఆపి, నీళ్లు మళ్లీ వెచ్చబడుతూ ఆ మసక పోయేటప్పటి అంకె కూడా రాయండి. రెండింటి సగటే మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే ఆ గాలి ఏ వేడి దగ్గర తన నీటిని మోయలేక వదిలేస్తుందో ఆ అంకె.

వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది. 10 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా 9 గ్రాములు, 20 దగ్గర 17, 30 దగ్గర 30 గ్రాములు. గ్లాసు 24 దగ్గర మసకబారితే గాలిలో నీరు పుష్కలం. 15 దగ్గర గానీ మసకబారకపోతే గాలి పొడి. ఎండాకాలం మా కోస్తాలో ఒకటి రెండు ఐస్ ముక్కలు వేయగానే గ్లాసుకు చెమట పట్టే రోజులుంటాయి. అనంతపురంలో అదే నెలలో చారెడు ఐస్ వేసినా గ్లాసు పొడిగానే ఉండొచ్చు.

దీన్ని వార్తల్లో చెప్పే తేమ శాతంతో కలపకండి. ఆ శాతం ఆ వేడికి గాలి మోయగలిగిన దానిలో ఎంత మోస్తోందో చెబుతుంది. పొద్దున 90 శాతం, మధ్యాహ్నం 45 శాతం అంటే నీరు సగం ఎగిరిపోయిందని కాదు. నీరు అంతే ఉంది, గాలి వేడెక్కి మోసే శక్తి పెరిగింది. అందుకే నేను శాతం కన్నా గ్లాసునే నమ్ముతాను.

రెండో పద్ధతి మన అమ్మమ్మలకు తెలిసినదే: మట్టికుండ. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి జోరుగా లేస్తుంది, నీళ్లు చల్లగా ఉంటాయి. కర్నూలులో జిల్లుమనిపించే కుండ కాకినాడలో చప్పగా ఉండటానికి కుమ్మరి కారణం కాదు. ఎయిర్ కూలర్ కోస్తాలో ఉక్కపోత పెంచేది కూడా ఇందుకే. కుండ చేసే పనిని థర్మామీటరుతో చేయించండి. ఒకదాని బుడ్డికి తడిపిన నూలుపీలిక చుట్టి, పీలిక కొన నీళ్ల గిన్నెలో ఉంచి, పక్కన పొడిది పెట్టి, విసనకర్రతో రెండింటికీ విసరండి. పొడిది 40, తడిది 22 చూపిస్తే తేమ సుమారు 20 శాతం. పొడిది 35, తడిది 28 అయితే సుమారు 60. చూడటానికి మొదటిదే భయంకరంగా ఉన్నా, పొలంలో వంగి పనిచేసే మనిషి ఒంటికి రెండోది ఎక్కువ కష్టం. మన చెమట కూడా ఆ తడి పీలిక లాంటిదే. తడి థర్మామీటరు 35ను చేరితే చెమట ఇక శరీరాన్ని చల్లబరచలేదని శాస్త్రం చెబుతుంది. అందుకే 30 దాటగానే బరువు పనులు ఆపించి, నీడకు పిలవండి.

నాలుగో అడుగు: మబ్బు ఎత్తు లెక్క కట్టడం

సైకిలు ట్యూబు పిన్ను నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది. నొక్కుకుని ఉన్న గాలి విచ్చుకుంటే చల్లబడుతుంది. నేల మీద వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే చుట్టూ పీడనం తగ్గుతుంది, అది విచ్చుకుంటుంది, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఎక్కడైతే అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారడం మొదలవుతుందో అక్కడే మబ్బు అడుగు.

ఇప్పుడు మీ నోటుబుక్కు తీయండి. గాలి వేడిలోంచి గ్లాసు అంకె తీసేసి, వచ్చినదాన్ని 125తో గుణించండి. మధ్యాహ్నపు దూదిమబ్బుల అడుగు నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో వస్తుంది. ఏప్రిల్లో 38, గ్లాసు 22 అయితే తేడా 16, అంటే 2000 మీటర్లు. జులైలో 31, గ్లాసు 24 అయితే 875 మీటర్లు. దూదిమబ్బులన్నిటి అడుగూ స్కేలు పెట్టి కోసినట్టు ఒకే ఎత్తున ఎందుకు ఉంటుందో ఈ లెక్క చేశాక ఇక అడగక్కర్లేదు.

దీన్ని కళ్లతో సరిచూసుకోవాలంటే కార్తీక మాసపు ముసురులో తిరుపతి మంచి చోటు. కింద ఊళ్లో గాలి 26, గ్లాసు 23 అనుకోండి. తేడా 3, మబ్బు అడుగు 375 మీటర్లు. తిరుమల కొండ ఊరి కన్నా ఏడొందల మీటర్ల పైచిలుకు ఎత్తు. ఘాట్ రోడ్డు సగంలో దారి కనపడకుండా కమ్మేసేదాన్ని పొగమంచు అంటాం గానీ, ఆ నిమిషాన మనం మబ్బు కడుపులో ఉన్నాం.

మబ్బు లోపల కథ మారుతుంది. నీటిని ఆవిరి చేయడానికి నేల, సముద్రం ఖర్చుపెట్టిన వేడి, ఆవిరి మళ్లీ నీరైనప్పుడు గాలికి తిరిగొస్తుంది. గ్రాముకు దాదాపు 600 కేలరీలు. ఆ వేడి అందడంతో మబ్బులోని గాలి కిలోమీటరుకు 10కి బదులు ఐదారు డిగ్రీలే చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి దానికన్నా చల్లగా ఉంటే ఇంకా ఇంకా పైకి లేస్తుంది. గ్లాసు 24 దాటి మసకబారిన ఏప్రిల్ మధ్యాహ్నాలు నాకు అనుమానం కలిగించేది అందుకే. కింద ఇంధనం నిండుగా ఉంది, నిప్పురవ్వ పడటమే తరువాయి.

ఐదో అడుగు: మబ్బుల మొహాలు గుర్తుపట్టడం

పదింటికి పుట్టి, నాలుగింటికి కరిగిపోయే చిన్న దూదిమబ్బులతో భయం లేదు. వాటి పొడవు చూడండి. వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువై, పైభాగం కాలీఫ్లవర్‌లా గట్టి అంచులతో బుడగలు బుడగలుగా ఉబుకుతుంటే అది పెరుగుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకే అలా ఉంటే సాయంత్రానికి అనుమానించాల్సిందే. ఆ గట్టి అంచు మెత్తబడి, దూది పీచులా చెదిరి, పక్కకు సాగిందంటే పైభాగం మంచుగా మారింది. ఇక లేవడానికి చోటు లేక ట్రోపోస్ఫియర్ పొర పైకప్పు కింద పరుచుకుంటోంది. అదే దాగలి. వేసవిలో మన మీద పైగాలులు ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకి వీస్తాయి కనుక దాగలి ముక్కు ఎటు సాగితే మబ్బు సాధారణంగా అటే కదులుతుంది. నాన్న ఆ రోజు చూసింది ఆ ముక్కునే. అది మా కల్లం వైపు చూపిస్తోంది.

వానకు ముందు వచ్చే చల్లగాలి కూడా ఆ మబ్బు పంపినదే. పడుతున్న చినుకులు దారిలో ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి దబ్బున నేల మీద పడి నాలుగు దిక్కులా చిమ్ముతుంది. హోర్డింగులు, రేకులు, అరటితోటలు కూలేది చాలాసార్లు వాన కన్నా ముందు ఈ గాలికే. ఉక్క తర్వాత చల్లగాలి తగిలిందని హాయిగా నిలబడకండి. పది, పదిహేను నిమిషాల వ్యవధి మాత్రమే ఉందని దానర్థం.

పిడుగు సంగతి నిక్కచ్చిగా చెబుతాను. మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ఉరుము వినిపించేదాకా ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినిపిస్తే, అంటే పది కిలోమీటర్ల లోపుంటే, పని ఆపి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. వాన పడుతోందని చెట్టు కిందకు చేరడమే మన పొలాల్లో ప్రాణాలు తీస్తోంది. గొర్రెలు కాసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, తాటిచెట్టు కింద నిలబడ్డ పిల్లలు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టుపక్కల మెరుపులను చూపిస్తుంది. ఊళ్లో ఒక్కరి ఫోన్లో ఉన్నా పదిమందిని పిలవచ్చు.

పెద్దవాళ్ల మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన వస్తుందంటారు. ఆరేడు కిలోమీటర్ల పైన పలచని మబ్బుతెరలో ఉన్న మంచు పలుకులు వెన్నెలను 22 డిగ్రీలు వంచడం వల్ల ఆ వలయం కనిపిస్తుంది. అల్పపీడనం దగ్గరకొచ్చే ముందు అలాంటి తెర కమ్ముకోవడం మామూలే కాబట్టి మాటలో నిజముంది. ప్రతిసారీ మాత్రం నిజం కాదు. కార్తెల సంగతీ అంతే. అవి సూర్యుడి నడకను బట్టి కట్టినవి గనుక ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. రోళ్లు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. నైరుతి రుతుపవనాలు జూన్ 1కి కేరళను, ఆ తర్వాత వారం పది రోజుల్లో మన రాష్ట్రాలను తాకడం సగటు లెక్క. చాంద్రమాసాలతో ఈ పొంతన కుదిరేది కాదు.

ఆరో అడుగు: గాలి ఎటు నుంచి, పీడనం ఎటు వైపు

డాబా మీద కర్రకు దారం కట్టండి. గాలికి ఎటు నుంచి వస్తే ఆ పేరు. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది. కోస్తాలో ఉంటే ముందుగా రోజువారీ ఆటను పట్టుకోండి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. వేసవిలో పదకొండు, పన్నెండుకు దారం తూర్పుకో ఆగ్నేయానికో తిరగడం అదే. అది రాని రోజున, పడమటి గాలి దాన్ని నొక్కేసిన రోజున, బందరు, ఒంగోలు కూడా రెంటచింతలలా కాలిపోతాయి. రుతుపవనం కూడా చాలావరకు ఇదే ఆట, ఖండమంత మైదానంలో, ఆర్నెల్లకోసారి దిక్కు మారుస్తూ. నైరుతి గాలి పడమటి కనుమల మీద వాన కుమ్మరించి, ఇవతల దిగుతూ వేడెక్కి ఆరిపోతుంది. అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్లే దక్కడానికి అదే కారణం. నెల్లూరు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీదుగా తిరిగొచ్చే ఈశాన్య గాలి కోసం ఎదురుచూస్తుంది.

అల్పపీడనం ఎటుందో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త సూత్రంగా చెప్పాడు. గాలికి వీపు పెట్టి నిలబడండి. మన ఉత్తరార్ధ గోళంలో మీ ఎడమచేతి వైపు అల్పపీడనం ఉంటుంది. భూమి తిరగడం వల్ల పీడనం తక్కువున్న చోటికి పరిగెత్తే గాలి కుడికి వంగి, దాని చుట్టూ అపసవ్యంగా తిరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో కోస్తాలో ఈశాన్య గాలి గంట గంటకూ పెరుగుతుంటే వీపు పెట్టి చూడండి, ఎడమచెయ్యి ఆగ్నేయాన సముద్రాన్ని చూపిస్తుంది. సముద్రపు గాలి, ఉరుము గాలి ఉన్నప్పుడు ఈ సూత్రం పనిచేయదు.

ఫోన్లో పీడనం చూసేవాళ్లు మొదటి రోజే కంగారుపడతారు. పొద్దున పదికి 1010, సాయంత్రం నాలుగుకి 1006. తుపానా? కాదు. మన ప్రాంతాల్లో గాలికి సముద్రానికున్నట్టే ఆటుపోట్లున్నాయి. ఎండ వేడి వల్ల పీడనం రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి పది ప్రాంతాల్లో పెరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తగ్గుతుంది. కాబట్టి నిన్న పదింటి అంకెను ఇవాళ పదింటి అంకెతోనే పోల్చాలి. అలా పోల్చినప్పుడు 24 గంటల్లో మూడు, నాలుగు తగ్గితే నేను వార్తలు పెడతాను.

ఏడో అడుగు: వాన కొలత

సీసా భుజం దగ్గర అడ్డంగా కోసి, పైముక్కను తిరగేసి గరాటులా అందులోనే దింపండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక గులకరాళ్లు వేసి, అవి మునిగేలా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయండి. అక్కడి నుంచి స్కేలు అతికించండి. గరాటు నోరు, సీసా ఒకే వెడల్పు కాబట్టి స్కేలు చూపించే మిల్లీమీటర్లే వాన. నేను మొదటి ఏడాది పిట్టగోడ పక్కనే పెట్టాను. ఏటవాలు వాన గోడకు కొట్టుకుని పోయి, నా లెక్క చాలా తక్కువ చూపించింది. ఆ ఏడాది పుస్తకం దేనికీ పనికిరాలేదు. గోడ, చెట్టు ఎంత ఎత్తో, కనీసం దానికి రెట్టింపు దూరంలో పెట్టండి.

రోజూ ఉదయం 8:30కి చూసి, రాసి, మళ్లీ సున్నా గీత దాకా సరిచేయండి. వాతావరణ శాఖ రోజు లెక్క కట్టేది ఆ వేళకే, పోల్చుకోవడానికి వీలవుతుంది. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరానికి 25 మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్లు. 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే దాన్ని వాన పడ్డ రోజు అంటారు. 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

ఎనిమిదో అడుగు: బులెటిన్ భాష

"సముద్ర మట్టానికి 3.1 కిలోమీటర్ల ఎత్తున ఉపరితల ఆవర్తనం కొనసాగుతోంది." రోజూ వింటాం. ఆ 3.1 ఏమిటి? విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ లాంటి కేంద్రాల నుంచి రోజూ బెలూన్లు ఎగరేసి పైగాలుల్ని కొలుస్తారు. పీడనం 850కి పడిపోయే ఎత్తు సుమారు 1.5 కిలోమీటర్లు, 700కి 3.1, 500కి 5.8. పటాలు గీసేది ఆ మట్టాల దగ్గరే, అంకెలు అక్కడి నుంచే వస్తాయి. ఆవర్తనం అంటే ఆ ఎత్తున గాలి అపసవ్యంగా సుడి తిరగడం. ద్రోణి అంటే పీడనం తగ్గిన పొడవాటి పల్లం. రెండు చోట్లా గాలులు కలుసుకుని పైకి లేవక తప్పదు. పైకి లేస్తే ఏమవుతుందో నాలుగో అడుగులో చూశారు. 1.5 నుంచి 5.8 దాకా నిలువునా ఆవర్తనం ఉందంటే నేను మిర్చి ఆరబోయను.

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావువంతు లోపు, "కొన్ని చోట్ల" అంటే పావు నుంచి సగం దాకా. మా ఊళ్లో పడలేదని సూచన తప్పయినట్టు కాదు. ఒకటి రెండు చోట్లలో మనం ఉన్నామా లేదా అన్నది చివరి రెండు గంటల్లో మన కళ్లు, వాతావరణ శాఖ వెబ్‌సైట్లోని వానమబ్బుల్ని చూపించే డాప్లర్ రాడార్ చెబుతాయి.

సముద్రంలో మెట్లు ఇలా: అల్పపీడనం, గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. గాలి వేగం ఒక్కటే చూడకండి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని మింగింది ఉప్పెన. తీరం దాటే చోటికి కుడిపక్కన, అంటే మన కోస్తాలో సాధారణంగా ఉత్తరం వైపున, గాలి సముద్రాన్ని నేల మీదకు నెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే సుడి నడుమ గాలి నిలిచిపోయిన చోటు, విశాఖ మీదుగా దాటింది. కన్ను నెత్తి మీదకు వస్తే గాలి ఆగుతుంది, వెలుతురు వస్తుంది. అయిపోయిందని బయటికి రాకూడదు. కన్ను చుట్టూ ఉన్న మబ్బుగోడ రెండో పక్క ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో వస్తుంది.

నోటుబుక్కులో ఒక వరస

మధ్యాహ్నం మూడింటికి ఒక్క వరస రాయండి, ఐదు నిమిషాల పని. నా పుస్తకంలో ఇలా ఉంటుంది:

"3 గం. గాలి 37, గ్లాసు 24. మబ్బు అడుగు లెక్క 1600. దారం ఆగ్నేయం, తర్వాత ఆగింది. పీడనం నిన్నటికన్నా 2 తక్కువ. పడమర కాలీఫ్లవర్లు రెండు, ఒకదాని అంచు మెత్తబడుతోంది. అంచనా: ఏడు లోపు ఉరుములు. పట్టాలు తీశాం."

కింద ఒక గీత ఖాళీగా వదలండి. మర్నాడు ఉదయం 8:30కి సీసా చూసి, ఎన్ని మిల్లీమీటర్లో, వాన ఎప్పుడు మొదలైందో, అంచనా ఎక్కడ తప్పిందో అందులో నింపాలి.